పేదల పేరు చెప్పి పేదల ఇంటికే చిల్లు

అమెరికాలో ఇళ్లకు సంబంధించిన ఇంధన పొదుపు నిబంధనలకు, రాయితీలకు వరసగా గోరీ కడుతున్నారు. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన పెద్ద పన్నుల చట్టంతో, ఇంటికి వేడి తగలకుండా, చలి దూరకుండా చేసుకునేవారికి ఇచ్చే పన్ను రాయితీ అదే ఏడాది డిసెంబరు 31తో ముగిసింది. ఇంటికప్పు మీద సౌర పలకలు పెట్టుకునేవారికి ఇచ్చే రాయితీ కూడా అదే రోజుతో సరి. కరెంటు తక్కువ తాగే కొత్త ఇళ్లు కట్టినవారికి ఇచ్చే రాయితీకి 2026 జూన్ 30 గడువు పెట్టారు. 2022లో ఈ రాయితీలు ఇచ్చినప్పుడు కనీసం 2032 దాకా ఉంటాయని చట్టంలో రాశారు. పదేళ్ల మాట మూడేళ్లకే నీటిమూట అయింది.

వ్యవసాయ కూలీల శీర్షికలో అమెరికా ఇళ్ల గోడల గొడవ ఎందుకని కొందరు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ ఎత్తివేతల వల్ల అందరికన్నా ఎక్కువ దెబ్బ తినేవాళ్లలో అక్కడి పొలాల్లో కూలి చేసుకు బతికే జనం ఉన్నారు. ఇది మొదటిది. రెండోది, అక్కడ ఈ పనికి చెబుతున్న సాకు చాలా తియ్యనిది. "నిబంధనలు తీసేస్తే సరుకు ధర తగ్గుతుంది, పేదవాడికి ఇల్లు అందుతుంది, ఏది కొనాలో ఎంచుకునే స్వేచ్ఛ మీకే ఉంటుంది" అంటున్నారు. ఇలాంటి మాట మన గడపలోకి రావడానికి వీసా అక్కర్లేదు. కనుక ఆ మాటలోని డొల్లతనాన్ని ఇప్పుడే తెలుసుకోవడం మంచిది.

రాయితీ వేరు, నిబంధన వేరు

ముందుగా ఒక తేడా గమనించాలి. రాయితీ అంటే, "మీరు ఫలానా పని చేయండి, కొంత డబ్బు మేం వెనక్కి ఇస్తాం" అని సర్కారు చెప్పడం. నిబంధన అంటే, "ఇంతకన్నా నాసిరకం సరుకు తయారుచేయడానికి వీల్లేదు" అని కంపెనీకి చెప్పడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే అసలు సంగతి తప్పిపోతుంది.

అమెరికా రాయితీని చూద్దాం. ఇంటికి తలుపులు, కిటికీలు మార్చుకున్నా, అటక మీద వేడిని ఆపే దూది పొరలాంటిది పరిపించుకున్నా ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల దాకా పన్నులో తగ్గించేవారు. గదిని వేడి చేయడానికీ చల్లబరచడానికీ పనికొచ్చే హీట్ పంపు పెట్టుకుంటే 2,000 డాలర్ల దాకా ఇచ్చేవారు. వినడానికి బాగానే ఉంది. అయితే 1,200 డాలర్లు రావాలంటే ముందు 4,000 డాలర్లు చేతినుంచి పెట్టుకోవాలి. ఇల్లు సొంతమై ఉండాలి. అంత పన్ను కట్టవలసిన ఆదాయమూ ఉండాలి. పన్ను కట్టేంత సంపాదన లేనివాడికి ఈ రాయితీలో ఒక్క డాలరు కూడా రాదు. 2023 సంవత్సరానికి ఈ రాయితీ, సౌర పలకల రాయితీ కలిపి 34 లక్షల కుటుంబాలు 800 కోట్ల డాలర్లకు పైగా పొందాయని అక్కడి ఖజానా శాఖ లెక్క చెప్పింది. ఆ దేశంలో కుటుంబాలు 13 కోట్ల పైచిలుకు. అంటే నూటికి ముగ్గురికి కూడా అందలేదు. అందినవాళ్లలో సొంత ఇల్లూ మంచి జీతమూ ఉన్నవాళ్లే హెచ్చు. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటూ ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లలో కూడా ఈ లాభం పొందినవాళ్లు ఉండే ఉంటారు. పొందితే తప్పేమీ లేదు. కానీ వాళ్ల ఇంటి ముందు గడ్డి కోసే కూలీకి అది అందలేదన్నది గుర్తుంచుకోవాలి.

పేదలకు నేరుగా సాయం చేసే పథకాలూ లేకపోలేదు. 1976 నాటి చట్టంతో మొదలైన ఇళ్ల మరమ్మతు పథకం ఒకటుంది. ఆదాయం తక్కువున్న కుటుంబాల ఇళ్లకు సర్కారు మనుషులే వచ్చి సందులు పూడ్చి, అటక కప్పి, పాత పొయ్యి బాగుచేసి పోతారు. ఇప్పటిదాకా 70 లక్షలకు పైగా ఇళ్లను బాగుచేశారు. చలికాలంలోనూ ఎండాకాలంలోనూ కరెంటు, గ్యాసు బిల్లులు కట్టుకోలేని దాదాపు 60 లక్షల కుటుంబాలను ఆదుకునే పథకం ఇంకొకటి ఉంది. ఈ రెండో పథకానికి ఒక్క డాలరు కూడా ఇవ్వనక్కర్లేదని 2026 బడ్జెట్ ప్రతిపాదనలో ట్రంప్ ప్రభుత్వం రాసింది. 2025 ఏప్రిల్‌లో ఆ పథకం చూసే ఉద్యోగులనే ఇంటికి పంపేసింది. సొంత ఇల్లున్నవాడికి రాయితీ పోయింది సరే, ఏమీ లేనివాడి బిల్లు సాయం మీద కూడా కత్తి ఎత్తారు. పేదవాడి మీద ప్రేమతోనే ఇదంతా చేస్తున్నామనేవాళ్ల నిజస్వరూపం ఇక్కడే బయటపడింది.

సొమ్మొకడిది, సోకొకడిది

ఇక నిబంధన సంగతి. అమెరికాలో మూడింట ఒక వంతు కుటుంబాలు అద్దె ఇళ్లలో ఉంటాయి. అద్దె ఇంట్లో నీళ్లు కాచే యంత్రాన్ని, ఫ్రిజ్‌ను, చల్లగాలి యంత్రాన్ని సాధారణంగా కొనేది ఇంటి యజమాని. బిల్లు కట్టేది అద్దెకున్నవాడు. యజమాని చూసేది కొనుగోలు ధర ఒక్కటే. చవకరకం పెట్టేసి చేతులు దులుపుకుంటాడు. ఆ చవకరకం నెలనెలా తాగే కరెంటుకు డబ్బు అద్దెదారు జేబులోంచి పోతుంది. ఇక్కడ "ఎంచుకునే స్వేచ్ఛ" ఎవరికుంది? కొనేవాడికి ఉంది, వాడేవాడికి లేదు. ఈ అన్యాయానికి అడ్డుకట్ట ఒక్కటే: నాసిరకం సరుకు అసలు బజారులోకే రాకుండా చేయడం. అదే నిబంధన చేసే పని. అందుకోసం అద్దెదారు దరఖాస్తు పెట్టనక్కర్లేదు, పన్ను కాగితాలు నింపనక్కర్లేదు, ముందుగా డబ్బు పెట్టనక్కర్లేదు. రాయితీ ఉన్నవాడి దగ్గరికి పోతుంది. నిబంధన లేనివాడి దగ్గరికి కూడా పోతుంది. అందుకే రాయితీ పోయినదానికన్నా నిబంధన పోతే మనం ఎక్కువ బాధపడాలి.

ఈ నిబంధనలు ఆకాశంనుంచి ఊడిపడలేదు. 1973 చమురు సంక్షోభం తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం 1974లో చట్టం చేసి, ఫ్రిజ్‌లు ఎంత కరెంటు వాడవచ్చో హద్దు పెట్టింది. మిగతా రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. దేశమంతటికీ ప్రమాణాలు పెట్టాలని కేంద్రంలోనూ చట్టాలు వచ్చాయి. 1980లలో రీగన్ ప్రభుత్వం వాటిని నీరుగార్చజూసింది. "ఏ ప్రమాణమూ అక్కర్లేదన్నదే మా ప్రమాణం" అన్న చందంగా ఉత్తర్వులిచ్చింది. 1985లో కోర్టు వాటిని కొట్టేసింది. 1986లో పార్లమెంటు పంపిన బిల్లును రీగన్ సంతకం పెట్టకుండా చంపేశారు. మరుసటి ఏడాది, 1987లో, అదే రీగన్ అటువంటి చట్టం మీదే సంతకం పెట్టవలసి వచ్చింది. రాష్ట్రానికొక రకం నిబంధన ఉండడం కన్నా దేశమంతటికీ ఒకటే ఉంటే నయమని తయారీ కంపెనీలే అప్పటికి ఒప్పుకున్నాయి. ఒకసారి పెంచిన ప్రమాణాన్ని తిరిగి తగ్గించడానికి వీల్లేదని ఆ చట్టంలో ఒక షరతు ఉంది. బుష్ ప్రభుత్వం చల్లగాలి యంత్రాల ప్రమాణాన్ని దించజూస్తే, 2004లో ఆ షరతును చూపించే కోర్టు అడ్డం పడింది.

ఫలితం ఏమైంది? ఇవాళ అమెరికాలో అమ్మే కొత్త ఫ్రిజ్ 1970ల నాటి ఫ్రిజ్ వాడిన కరెంటులో దాదాపు నాలుగో వంతు మాత్రమే వాడుతుంది. సైజు తగ్గలేదు, పెరిగింది. ధరలు ఆకాశానికి అంటుతాయని అప్పట్లో భయపెట్టారు. ధరవరలు సర్దిచూస్తే ఫ్రిజ్ అప్పటికన్నా చవకే అయింది. కంపెనీలు మూతపడలేదు, జనం ఫ్రిజ్ లేకుండా ఉండలేదు. నిబంధన అంటే బతుకు ఆగిపోతుందన్న ప్రచారానికి ఈ ఒక్క ఉదాహరణే చాలు జవాబు.

అయినా పాత పాటే మళ్లీ ఎత్తుకున్నారు. 2025 మే 9న గ్యాసుతో నీళ్లు కాచే ఒక రకం యంత్రాల కొత్త ప్రమాణాన్ని రద్దుచేసే తీర్మానం మీద ట్రంప్ సంతకం పెట్టారు. ప్రమాణాన్ని దించకూడదన్న షరతు ఉండగా ఇది ఎలా చేశారు? పార్లమెంటు ఉభయ సభలు తీర్మానించి, కొత్తగా వచ్చిన నిబంధనను కొట్టివేసే వేరే చట్టం ఒకటి ఉంది. ఆ దొడ్డిదారి వెతికారు. ఆ దారిలో కొట్టేసిన నిబంధనను పోలిన నిబంధన మళ్లీ తేవాలంటే పార్లమెంటు కొత్త చట్టం చేయాలి. అంటే ఇవాళ పోయినది రేపు ప్రభుత్వం మారినా సులువుగా తిరిగిరాదు. ఆ తర్వాత మూడు రోజులకే ఇంధన శాఖ 47 నిబంధనల ఎత్తివేతకు, సడలింపుకు ప్రతిపాదనలు ప్రకటించింది. వాటిలో ఇంట్లో వాడే యంత్రాలవీ చాలా ఉన్నాయి.

లారీ మీద వచ్చిన ఇల్లు

ఇప్పుడు పొలంలో పనిచేసేవాళ్ల దగ్గరికి వద్దాం. అమెరికాలో సుమారు 2 కోట్ల మంది ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే ఇళ్లలో ఉంటున్నారు. వాడుకలో ట్రైలర్ ఇల్లంటారు. సొంత స్థలంలో మామూలు ఇల్లు కట్టుకునే తాహతు లేనివాళ్లే ఎక్కువగా వీటిని కొంటారు. చాలామందికి ఇల్లు సొంతం, కింద నేల పరాయిది. నేలకు నెలనెలా అద్దె కట్టాలి. పరాయి స్థలంలో గుడిసె వేసుకున్నవాడి భయం ఏమిటో మన కూలీలకు చెప్పనక్కర్లేదు. కాలిఫోర్నియాలోని కొచెల్లా లోయలో ఖర్జూరం, ద్రాక్ష, మిరప తోటల్లో పనిచేసే మెక్సికో కూలీ కుటుంబాలెన్నో ఇలాంటి పాత ట్రైలర్లలోనే కాపురముంటున్నాయి. అక్కడ ఎండాకాలం 45 డిగ్రీలు దాటడం మామూలు. పలచని గోడలు, రేకులాంటి కప్పు. పగలంతా తోటలో ఎండకు మాడినవాళ్లు రాత్రి ఇంట్లో ఉడుకుతారు. చల్లగాలి యంత్రం పెడితే కూలిడబ్బు బిల్లుకే పోతుంది, పెట్టకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఈ ఇళ్ల గోడలు, కప్పులు వేడిని ఎంతవరకు ఆపాలన్న నిబంధన 1976లో మొదలైంది. చివరిసారి సవరించింది 1994లో. అది చాలదని 2007లో పార్లమెంటు చట్టం చేసి, నాలుగేళ్లలో కొత్త ప్రమాణాలు తెమ్మని ఇంధన శాఖను ఆదేశించింది. నాలుగేళ్లు పోయాయి, పదేళ్లు పోయాయి, ప్రమాణాలు రాలేదు. 2017లో పర్యావరణ సంఘం ఒకటి కోర్టుకెక్కితే తప్ప ఫైలు కదలలేదు. ఎట్టకేలకు 2022 మేలో నిబంధన వెలువడింది. ఒకే భాగంగా వచ్చే చిన్న ఇంటికి దానివల్ల ఏటా సగటున 177 డాలర్లు, రెండు మూడు భాగాలు కలిపే పెద్ద ఇంటికి 475 డాలర్లు బిల్లులో మిగులుతాయని ఇంధన శాఖే లెక్కగట్టింది. చిన్న ఇంటి మీద పెరిగే ధర ఏడు వందల డాలర్ల లోపే. అంటే నాలుగేళ్లలో పెట్టింది తిరిగి వస్తుంది, ఆ తర్వాత ఇల్లు ఉన్నన్నాళ్లూ మిగులే. 2023లో అమలు కావలసిన ఈ నిబంధనను ముందు బైడెన్ ప్రభుత్వమే వాయిదా వేసింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం మళ్లీ వాయిదా వేసింది. అది చాలదన్నట్టు, 2007 చట్టం ఇచ్చిన అధికారాన్నే ఊడబెరకాలని ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. ఒక తరం పిల్లలు ఆ ఇళ్లలోనే పుట్టి పెద్దవాళ్లయ్యారు గాని, గోడ మందం మాత్రం పెరగలేదు.

గ్రామాల్లో ఇల్లు కట్టుకునేవాళ్లకు అమెరికా వ్యవసాయ శాఖ అప్పులిస్తుంది. ఆ అప్పులతో కట్టే కొత్త ఇళ్లు మెరుగైన ప్రమాణంతో ఉండాలని 2024లో నిర్ణయించారు. 2025 జనవరిలో ఇళ్లు కట్టే కంపెనీల సంఘం, కొన్ని రాష్ట్రాల ప్రభుత్వాలు కలిసి దాని మీద దావా వేశాయి. ఆ తర్వాత అమలు తేదీలూ వెనక్కి జరిగాయి.

ఎద్దు పుండు కాకికి ముద్దు

కంపెనీల వాదనను మేము తేలిగ్గా తీసిపారేయడం లేదు. "పేదవాడికి ముందుగా కట్టవలసిన డబ్బే పెద్ద గండం. ఏడు వందల డాలర్లు పెరిగినా కొందరికి అప్పు పుట్టదు" అని వాళ్లంటారు. ఇందులో కొంత నిజముంది. నేల లేకుండా ఇల్లు మాత్రమే కొనేవాడికి అక్కడ మామూలు గృహరుణం దొరకదు, వడ్డీ ఎక్కువుండే అప్పే గతి. మరి అలాంటప్పుడు చేయవలసిన పని ఏమిటి? వడ్డీ తగ్గించడం, ఆ ఏడు వందలు సర్కారు భరించడం. అంతేగాని, "నీకు డబ్బు లేదు కనుక నీకు చిల్లుల ఇల్లే ఖాయం" అనడం ఏ రకం జాలి? కొన్నరోజు ధర ఒక్కసారి కడతాడు. బిల్లు ప్రతి నెలా కడతాడు. ఒక్కసారి కట్టేదాన్ని చూపించి నెలనెలా కట్టేదాన్ని దాచడమే ఈ వాదనలోని కనికట్టు. ఎద్దు పుండు మీద కాకికి ఎంత ప్రేమో, పేదవాడి కష్టం మీద ఈ కంపెనీలకు అంత ప్రేమ.

ధర తగ్గించడానికి నిబంధన తీసేయడం ఒక్కటే మార్గం కాదని మన అనుభవమే చెబుతోంది. 2014లో మన దేశంలో ఎల్ఈడీ బల్బును ప్రభుత్వ సంస్థ ఒక్కొక్కటి 310 రూపాయలకు కొన్నది. కోట్ల బల్బులు టోకున కొనడం మొదలుపెట్టేసరికి 2016కల్లా అది 38 రూపాయలకు దిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 చివరిలోనే ఆ బల్బులు ఇంటింటికీ పంచడం మొదలైంది. దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా పంచారు. ఇక్కడ ధర దిగింది నాణ్యత తగ్గించి కాదు. ప్రభుత్వం తన కొనుగోలు బలాన్ని పేదల పక్షాన వాడినందువల్ల.

మన కాలనీల మాట

అయితే మన దగ్గర అంతా సవ్యంగా ఉందని మేము అనడం లేదు. ఇళ్లు వేడెక్కకుండా కట్టాలని 2018లో కేంద్రం ఒక ప్రమాణావళి తెచ్చింది. అది 500 చదరపు మీటర్లు, అంతకుమించిన స్థలంలో కట్టే ఇళ్లకు. సెంటు, సెంటున్నర స్థలంలో కాలనీ ఇల్లు కట్టుకున్న కూలీకి అందులో చోటు లేదు. అమెరికాలో ఉన్న నిబంధనను ఊడబీకుతున్నారు, మన పల్లెలో ఆ నిబంధన పుట్టనే లేదు. కాలనీలో రేకుల ఇంట్లో గాని, పలచని స్లాబు కింద గాని ఏప్రిల్, మే నెలల్లో పడుకున్నవాళ్లను అడగండి. వాకిట్లో మంచం వేసుకుంటే దోమలు, లోపల పడుకుంటే కొలిమి.

దీనికీ కరెంటు బిల్లుకూ ఉన్న ముడి చూడండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు లేదు. 200 దాటిందంటే మొత్తానికీ కట్టాలి. పాత రకం సీలింగు ఫ్యాను 75 వాట్లు తింటుంది. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. కొత్త రకం ఫ్యాను 30 వాట్లతోనే తిరుగుతుంది, నెలకు 11 యూనిట్లు. రెండు ఫ్యాన్లున్న ఇంట్లో నెలకు 32 యూనిట్ల తేడా. ఎండాకాలంలో హద్దు లోపల ఉండడానికీ, హద్దు దాటి మొత్తం బిల్లు నెత్తిన పడడానికీ ఆ 32 యూనిట్లు చాలు. సీలింగు ఫ్యాన్లకు స్టారు గుర్తును 2023 జనవరి నుంచి తప్పనిసరి చేశారు. ఫ్యాన్ల ధర పెరుగుతుందని అప్పుడు తయారీదార్లూ అన్నారు. అమెరికా కంపెనీల మాటకూ దీనికీ తేడా ఏమన్నా ఉందా? కొత్త రకం ఫ్యాను ధర కూలీకి భారమన్నది నిజమే. కనుక బల్బులు పంచినట్టు ఫ్యాన్లూ టోకున కొని పంచమని అడగాలి. నిబంధన వద్దని అనకూడదు.

కప్పు సంగతీ అంతే. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించింది. ఎండను వెనక్కి కొట్టే తెల్లని పూత కప్పు మీద వేయడమే అందులో ముఖ్యం. ఇది మనకు కొత్తదేమీ కాదు. మేడ మీద సున్నం కొట్టడం మన పెద్దలకు తెలిసిన విద్యే. కాగితం మీద ఉన్న ఆ విధానం ప్రతి కూలీ కాలనీ కప్పు మీదికి ఎక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ పేదల కోసం కట్టే ప్రతి ఇంటికీ ఇది తప్పనిసరి చేయాలి. తెల్ల పూత వేసే పనిని ఉపాధి కూలీలకే ఇస్తే నీడా వస్తుంది, పనీ వస్తుంది.

కాబట్టి వ్యవసాయ కార్మిక సంఘాలకు మా విజ్ఞప్తి ఇది. ఇళ్ల స్థలాల కోసం, పట్టాల కోసం పోరాడుతున్నాం. ఇకనుంచి ఆ కోర్కెల పత్రంలో ఇంకో మూడు మాటలు చేర్చండి. పేదల ఇళ్లకు వేడిని ఆపే కప్పు నిబంధనగా ఉండాలి, దయగా కాదు. తక్కువ కరెంటు తాగే ఫ్యాన్లను ప్రభుత్వమే టోకున కొని కాలనీలకు పంచాలి. రాయితీ ఏదైనా ఇస్తే ముందుగా డబ్బు పెట్టగలిగినవాడికి కాకుండా, పెట్టలేనివాడికే ముందు అందాలి. గ్రామసభలో ఇవి అడగండి, తీర్మానం రాయించండి, మండలాఫీసు ముందు నిలబడండి.

ఇంకొక్క మాట. రేపు ఎవరన్నా వచ్చి, "నిబంధనలు తీసేస్తే ఇల్లు చవకవుతుంది" అని చెబితే, ఒక్క ప్రశ్న వేయండి: "ఆ తర్వాత పాతికేళ్లు బిల్లు ఎవరు కడతారు?" కొచెల్లా లోయలో ట్రైలరు కింద ఉడుకుతున్న కూలీ అడగవలసిన ప్రశ్నా అదే, రేకుల కింద ఉడుకుతున్న మన కూలీ అడగవలసిన ప్రశ్నా అదే.